పిచ్చుక కాలి గుర్తు

మూడో తరగతి టీచర్‌కి కోపం ఎక్కువ. ఆ సంగతి బళ్ళో సుద్దముక్కలకి కూడా తెలుసు. అయితే ఆ కోపం పిల్లల మీదికి ఎప్పుడూ పోయేది కాదు. ఊగే బెంచీ మీదికి పోయేది, నీళ్ళు రాని కుళాయి మీదికి పోయేది, అన్నిటికన్నా ఎక్కువగా పుస్తకంలో అచ్చేసిన పాఠాల మీదికి పోయేది. "సముద్రం మన సంపద. దానిని పరిశుభ్రంగా ఉంచుట మన కర్తవ్యం" అని ఒక పాఠం చివర రాసి ఉంది. బడి గోడ మీంచి కాస్త మెడ చాపితే ఆ సంపద కనిపిస్తూనే ఉంటుంది. ఒడ్డున ఇసక తక్కువ, కవర్లు ఎక్కువ. ఆ వాక్యాన్ని పిల్లల చేత నాలుగుసార్లు రాయించి చేతులు దులుపుకోవడానికి ఆవిడకి మనసొప్పలేదు.

అందుకని ఒకరోజు ఇంట్లో బట్టలు నానబెట్టే టబ్బు చంకన పెట్టుకుని బడికి బయల్దేరింది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, పాఠం చెప్పడానికి వెళ్తున్నావా బట్టలు ఉతకడానికి వెళ్తున్నావా అని అడిగింది. భర్త పేపరు వెనకనుంచి నవ్వాడు. ఆయన ఏ గొడవ వచ్చినా పేపరు వెనక దాక్కునే మనిషి, ఆయన సంగతి మనకిక అక్కర్లేదు.

టబ్బు నిండా నీళ్ళు పోసి, నీళ్ళలో నీలిమందు కలిపి, క్యారెట్లు చెక్కి చేసిన చేపల్ని అందులో వదిలింది. పిల్లలు చుట్టూ మూగారు. అప్పుడు సంచీలోంచి షాంపూ పాకెట్లు, సీసా మూతలు, కత్తిరించిన కవరు ముక్కలు తీసి పైన చల్లింది. చేపలకి తగలకుండా చెంచాలతో చెత్తంతా తీసెయ్యండి చూద్దాం అంది. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి. మూతలు వచ్చాయి, పాకెట్లు వచ్చాయి. కవరు ముక్కలు మాత్రం చెంచాకి అందవు. ఎంత కెలికితే అంత లోపలికి పోతాయి. చిన్నవి రావట్లేదు టీచర్ అని ఒకటే గోల. రావు, అదే పాఠం, అవి చిన్నముక్కలు కాకముందే తియ్యాలి అని ఆవిడ చెప్పింది. అది తిండి కాదని చేపలకి తెలీదా అని ఒకడు అడిగాడు. వాటికి తెలీదురా, మనకి తెలుసు, అందుకే తప్పు మనది అంది.  

గంట కొట్టగానే అందరూ బయటికి పరిగెత్తారు. ఒక్క పిల్ల మాత్రం టబ్బు పక్కన గొంతుక్కూర్చుని చెంచాతో చిన్నముక్కల కోసం తిప్పుతూనే ఉంది. అది వెనక బెంచీ పిల్ల. గుప్పెడు మనిషి, సన్నటి కాళ్ళు, అందుకని అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుకైనా నయం, కిచకిచమంటుంది. ఈ పిల్ల నోట్లో నాలుక లేని పిల్ల. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతుంది, అంతే. దానికీ ఒక కారణం ఉంది. వాళ్ళ నాన్న మున్సిపాలిటీ చెత్తలారీ డ్రైవరు. పక్కన కూర్చుంటే చాలు, మిగతా పిల్లలు ముక్కు మూసుకుంటారు. టీచర్ తిట్టింది, బతిమాలింది, కథలు చెప్పింది. ఆవిడ ఎదుట ముక్కులు తెరుచుకునేవి, ఆవిడ అటు తిరిగితే మూసుకునేవి. పిల్లలు దేవుళ్ళంటారు గానీ, అన్నవాళ్ళెవరూ మూడో తరగతికి పాఠం చెప్పి ఉండరు.

పిచ్చుక లేచి అరచెయ్యి చాపింది. అందులో తడిసిన నీలం ముక్కలు నాలుగైదు అంటుకుని ఉన్నాయి. మాట లేదు, ఆ చెయ్యే చాపింది. ఈ పిల్ల చేత ఈ ఏడాది లోపల మాట్లాడించాలి అని టీచర్ అప్పుడే గట్టిగా అనుకుంది.

ఆ పైవారం ఒడ్డు శుభ్రం చేసే కార్యక్రమం. ఏటా ఉండేదే. మూడో తరగతి ఒక కుప్ప, నాలుగో తరగతి ఒక కుప్ప, ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళకి చప్పట్లు. కిందటేడు నాలుగో తరగతి వాళ్ళు మూడో తరగతి కుప్పలోంచి సీసాలు ఎత్తుకుపోయి, అది జుట్లు పట్టుకునే దాకా వెళ్ళింది. ప్రపంచంలో చెత్త కోసం జుట్లు పట్టుకునేది మా పిల్లలేనని హెడ్ మేడం తల పట్టుకుంది. ఈసారి ఆ గొడవ రాకూడదని టీచర్ ఒక ఉపాయం పన్నింది. చెల్లెలి పెళ్ళికని కొని సగం కూడా వాడని ఎర్రటి గోళ్ళరంగు సీసాలు బీరువాలో పడి ఉన్నాయి. వాటిని తీసుకెళ్ళి, ఎవరు ఏరిన సీసా మీద వాళ్ళు తమ గుర్తు వేసుకోండి అంది. నీళ్ళకి పోదు, ఎండకి పోదు, గోకినా పోదు అని తన తెలివికి తనే మురిసిపోయింది.

ఇక చూడండి. ఒకడు సూర్యుణ్ణి వేశాడు. ఒకత్తి పువ్వు వేసింది. ఇంకొకడు మీసాలు వేశాడు, ఎవరి మీసాలురా అంటే మా మామయ్యవి అన్నాడు. పిచ్చుక మాత్రం చాలాసేపు బ్రష్షు పట్టుకుని ఆలోచించి, చిన్నగా మూడు గీతలు గీసింది. ముందుకి మూడు వేళ్ళు చాపిన పిట్ట కాలు. తన పేరుకి తగ్గ గుర్తు తనే కనిపెట్టుకుంది. ముక్కు మూసుకునే పిల్లలు కూడా ఒంగి చూసి బాగుందన్నారు.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. పిచ్చుక నాన్న ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. లారీ కూడా కడిగాడు. గోనెసంచులు ఒక్కొక్కటే పైకి విసురుతుంటే పిల్లలందరూ లారీ చుట్టూ చేరి కేకలేశారు. టీచర్‌కి ఆనందం పట్టలేదు. ముందురోజు మున్సిపల్ ఆఫీసు వాళ్ళు ఫోన్లో చెప్పిన మాట ఆవిడకి గుర్తొచ్చింది. ఊరి చివర యార్డులో మిషను ఉందట, ప్లాస్టిక్‌ని ముక్కలు చేసి కరిగించి కుర్చీలు పోస్తారట. ఆ మాటే పిల్లలకి చెప్పింది. చెప్పి ఊరుకోవచ్చుగా. నరం లేని నాలుక, ఆనందంలో ఉన్నప్పుడు మరీ ఆగదు.

"మీరు ఏరిన సీసా మళ్ళీ సముద్రం మొహం చూడదు," అంది. "ఇది మీ టీచర్ మాట."

పిల్లలు లారీకి చప్పట్లు కొట్టారు. డ్రైవరు ఏం చెయ్యాలో తోచక స్టీరింగు దగ్గర కూర్చుని హారన్ కొట్టాడు. అప్పుడు, ఆ గోలలో, వెనకనుంచి ఎవరో టీచర్ చీర కొంగు లాగారు. పిచ్చుక.

"నా సీసాలతో చేసిన కుర్చీ మీద నా గుర్తు ఉంటుందా టీచర్?"

ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో టీచర్‌కి అప్పుడే తెలిసింది. కాస్త బొంగురుగా, పెద్దవాళ్ళ గొంతులా ఉంది. ఎందుకుండదు, తప్పకుండా ఉంటుంది అని చెప్పింది. ఆ జవాబు చెప్పినందుకు తర్వాత ఆవిడ ఎంత ఏడ్చిందో చెప్పలేను గానీ, ఆ క్షణంలో మీరైనా నేనైనా అదే చెప్పేవాళ్ళం.

ఆ రోజునుంచి పిచ్చుక నిజంగానే పిచ్చుక అయింది. నోరు మూస్తే ఒట్టు. ఎక్కాలు గట్టిగా చెప్పేది, పద్యం రాకపోయినా చెయ్యి ఎత్తేది. చెత్తలారీ పిల్ల కాస్తా కుర్చీల లారీ పిల్ల అయిపోయింది. మా కుర్చీలు ఎప్పుడొస్తాయో మీ నాన్ననడుగు అని పిల్లలు దాని చుట్టూ తిరిగేవాళ్ళు. పక్కన కూర్చోవడానికి పోటీలు. ఇది కదా చదువంటే అని టీచర్‌కి కళ్ళు చెమర్చేవి. ఇంటికెళ్ళి అత్తగారికి చెబితే ఆవిడ అంతా విని, "ఇల్లలకగానే పండగ కాదమ్మాయ్," అని ఊరుకుంది. అత్తగారంటే అంతే, సంతోషంలో కాస్త ఉప్పు చల్లకపోతే తోచదు అనుకుంది టీచర్.

తర్వాత వానలు పడ్డాయి. మామూలు వానలు కావు, పగలూ రాత్రీ తెరిపి లేకుండా పడ్డాయి. తెరిపిచ్చిన మర్నాడు పొద్దున్నే టీచర్ ఒడ్డున నడవడానికి వెళ్ళింది. కెరటాలు తెచ్చి పోసిన చెత్త గట్టు కట్టి ఉంది. తిట్టుకుంటూ నడుస్తుంటే కాలికి ఒక సీసా తగిలింది. దాని మీద ఎర్రటి మీసాలున్నాయి.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకటేగా, సంచీలోంచి జారిపోయి ఉంటుంది అనుకుంది. నాలుగడుగులు వేసేసరికి సూర్యుడు కనిపించాడు. ఆ పక్కనే పువ్వు. నాచు కింద ఇంకో మీసాల సీసా. నీళ్ళకి పోని రంగు కదా, నిన్న వేసినట్టే నిగనిగలాడుతోంది. పిట్ట కాలు గుర్తు కనిపించేసరికి ఆవిడ తడి ఇసకలో కూర్చుండిపోయింది.

ఆ రోజు బడికి సెలవు పెట్టి తిన్నగా మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది. శుభ్రత చూసే ఆఫీసరు బల్ల మీద సగం తాగిన నీళ్ళ సీసా ఉంది. అదే ముందు కంటబడింది ఆవిడకి. కోపం మామూలుగా లేదు. మిషను ఎక్కడుంది చూపించండి అంది. ఆయన పాపం దురుసు మనిషి కాదు. కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి, మిషను వస్తుందన్నారమ్మా, ఇంకా రాలేదు, షెడ్డు మాత్రం కట్టారు అని చెప్పాడు. యార్డు ఎప్పుడో నిండిపోయిందట. అక్కడ తగలబెడితే పొగకి చుట్టుపక్కల వాళ్ళు గొడవ చేసి గేటుకి తాళం వేశారట. అందుకని తాత్కాలికంగా కాలువ గట్టున పోయిస్తున్నారట. ఆ కాలువ సముద్రంలో కలుస్తుందని ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. తాత్కాలికం అంటే ఎప్పటిదాకా అని అడిగితే నేను ఈ సీటులోకి రాకముందునుంచీ అన్నాడు.

"మీరే ఒక చోటు చూపించండి మేడం, అక్కడే పోయిస్తాను," అన్నాడు చివరికి. "మీ బడి వెనక పొయ్యమంటారా?"

వెటకారంగా అని ఉంటే ఆవిడ కడిగేసేది. ఆయన నిజంగానే అడిగాడు.  ఆయన కూతురు ఇంకో బళ్ళో ఇదే పాఠం చదువుతోందట, మొన్ననే ఇంటికొచ్చి అట్టముక్క మీద తాబేలు బొమ్మ వేసిందట. అది చెప్పి ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. అందులో తన పిడికెడు ఎంతో టీచర్‌కి ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే తెలిసింది.

అక్కడినుంచి బడికి వస్తే హెడ్ మేడం ఇంకా సూటిగా చెప్పింది. బడికి శుభ్రతలో మొదటి బహుమతి వచ్చేలా ఉంది, పెద్ద ఆఫీసరు ఒకాయన చూడ్డానికి వస్తాడు, ఇప్పుడు ఈ సంగతి ఎత్తితే పిల్లల మొహాలు ఏమవుతాయో చూసుకో అంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది అని కూడా అంది. పోనీ పిల్లలకైనా నిజం చెబుతాను అంది టీచర్. ఏమని చెబుతావు, ఆ సీసాలు కాలువ గట్టున పోసింది ఎవరని చెబుతావు అని హెడ్ మేడం ఎదురు అడిగింది.  పోసిన చేతులు ఎవరివో మూడో తరగతిలో అందరికీ తెలుసు. హారన్ కొట్టినాయన.

ఆ సాయంత్రం డ్రైవరు బడి గేటు దగ్గర కూతురి కోసం నిలబడి ఉన్నాడు. టీచర్ ఏమీ అనకముందే ఆయనకి అర్థమైంది. తల వంచుకున్నాడు. చెప్పిన చోట పొయ్యకపోతే బండి ఇంకొకడికి ఇస్తారని చెప్పాడు. ఆ సంచుల మూతులు మాత్రం గట్టిగా కట్టానని, నీళ్ళకి దూరంగా పెట్టానని, వాన ఇంత పడుతుందనుకోలేదని చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇన్నేళ్ళలో నా బండికి చప్పట్లు కొట్టింది మీ పిల్లలే టీచర్‌గారూ. ఆ రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి నాకు సెల్యూట్ కొట్టింది. దానికి మాత్రం తెలియనివ్వకండి."

సరే అంది. ఇంకేమనగలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు, ఆ మాట తప్పానని పిల్లలకి చెప్పలేదు. మిగిలింది ఒక్కటే దారి, పిల్లల కంట పడకుండా ఆ సీసాల్ని తనే ఏరెయ్యడం. నిజం చెప్పే ధైర్యం లేనివాళ్ళకి ఎప్పుడూ చాకిరీ ఎక్కువే.

తెల్లవారకముందే లేచి ఒడ్డుకి వెళ్ళేది. ఎర్ర గుర్తున్న సీసాలు మాత్రం ఏరేది. మిగతావి ఏరడానికి చేతులు చాలవు, చాలినా ఏం లాభం, సముద్రంలో కాకిరెట్టంత. గుర్తు లేని సీసాల్ని దాటుకుంటూ గుర్తున్న వాటికోసం వెతుకుతుంటే, టబ్బు ముందు కూర్చోబెట్టి తను చెప్పిన పాఠం గుర్తొచ్చి సిగ్గేసేది. తను ఇప్పుడు ఏరుతున్నది చెత్తని కాదు, తన అబద్ధాన్ని. అది తెలిసీ ఏరేది.

ఏరినవి ఎక్కడ పెట్టాలి? తగలబెడితే విషపు పొగ. చెత్తబుట్టలో వేస్తే అదే లారీ, అదే కాలువ. పాతసామాన్లవాణ్ణి పిలిస్తే ఒకటి వాసన చూసి, ఉప్పునీళ్ళలో నాని మట్టిపట్టిన సరుకు మా సేటు ముట్టుకోడమ్మా, పైగా ఈ మీసాలేంటి అని నవ్వి వెళ్ళిపోయాడు. అటక నిండింది. మంచాల కింద నిండింది. బట్టలు నానబెట్టే టబ్బు కూడా నిండింది. ఒకరోజు అత్తగారు బియ్యం డబ్బా అనుకుని మూత తీస్తే సూర్యుడు కనిపించాడు. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది నీ యవ్వారం అని లబలబలాడింది. టీచర్ అప్పుడు వంటింట్లో నేల మీద కూలబడి ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది.  అత్తగారు బియ్యాన్ని చిన్న డబ్బాలోకి మార్చి, పెద్ద డబ్బాని సీసాలకి వదిలేసింది.

బళ్ళో పిచ్చుక మాత్రం ఎప్పటిలాగే చెయ్యి ఎత్తుతూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది. అదొక్కటి చాలు, ఆ పిల్ల నోరు మళ్ళీ మూసుకోకుండా ఉంటే చాలు, ఇల్లంతా సీసాలతో నిండిపోయినా సరే అనుకునేది టీచర్. కుర్చీల మాట ఎవరైనా ఎత్తితే, మిషను నెమ్మదిగా పనిచేస్తుంది అని చెప్పేది. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకోటి, దానికి తోడు మరోటి.

ఒక ఆదివారం ఆవిడకి లేవడం ఆలస్యమైంది. ఒడ్డుకి వెళ్ళేసరికి ఎండ వచ్చేసింది. దూరాన, కాలువ వచ్చి కలిసే చోట ఒక చిన్న ఆకారం ఒంగి ఒంగి నడుస్తోంది. బడి సంచీ ఒకటి భుజాన ఉంది. సన్నటి కాళ్ళు.  వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనుకుంది టీచర్. అప్పటికే ఆ పిల్ల చూసేసింది.

పిచ్చుక పారిపోలేదు. సంచీ వెనక్కి దాచుకోలేదు. ఏమీ జరగనట్టు దగ్గరికి వచ్చింది.

"ఇటువైపు నేను ఏరేశాను టీచర్," అంది. "మీరు అటువైపు చూడండి."

సంచీలో ఎర్ర గుర్తుల సీసాలు కుక్కి ఉన్నాయి. పుస్తకాలు లేవు. ఎప్పటినుంచి వస్తున్నావు అని టీచర్ అడిగింది.  వానలు తగ్గిన మర్నాటినుంచి అని పిచ్చుక చెప్పింది. రోజూ మీరు ముందొస్తారు, మీరు వెళ్ళిపోయాక నేనొస్తాను, మీకు చీకట్లో కొన్ని కనిపించవు అని చెప్పింది. ఎక్కడ పెడుతున్నావు అంటే మా నీళ్ళట్యాంకు వెనక అంది. అక్కడ కూడా నిండిపోవచ్చిందట. ఇవన్నీ హోంవర్కు ఎక్కడిదాకా చేసిందో చెప్పే గొంతుతోనే చెప్పింది.

మరి నాకెందుకు చెప్పలేదే అని టీచర్ అడిగింది. 

"మీకు తెలుసని నాకు తెలిసిందని మీకు తెలిస్తే, మీరు బాధపడతారు కదా."

టీచర్ ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుంది, పిల్ల మొహానికి తన మొహం సమానంగా వచ్చేలా. ఇప్పుడు చెప్పెయ్యాలి. ఇంతకన్నా మంచి సమయం రాదు. మిషను లేదమ్మా, నేను మోసపోయి మిమ్మల్ని మోసం చేశాను అని ఒక్క ముక్క. నోటిదాకా వచ్చింది. ఆలోపు పిచ్చుకే మొదలుపెట్టింది. కాలువ వైపు చూస్తూ, గబగబా, ముందే బట్టీపట్టిన పాఠంలా చెప్పింది.

"మా నాన్న బండి వెనక తలుపు సరిగ్గా పడదు టీచర్. గుంతల్లో ఎగిరినప్పుడు కొన్ని పడిపోయి ఉంటాయి. మా నాన్న తప్పు కాదు."

ఆ పిల్ల నిజంగా అలా అనుకుంటోందో, అనుకున్నట్టు చెబుతోందో టీచర్‌కి అర్థం కాలేదు. డ్రైవరు మొహం గుర్తొచ్చింది. సెల్యూట్ గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చిన ముక్క వెనక్కి పోయింది.

"అవును," అంది. "తలుపు సరిగ్గా పడకపోయి ఉంటుంది."

పిచ్చుక తల ఊపింది. ఇద్దరూ ఎండ ఎక్కేదాకా ఏరారు. 

పెద్ద ఆఫీసరు వచ్చిన రోజు బడి అంతా కడిగి, గుమ్మాలకి కాగితప్పువ్వులు కట్టారు. ఆయన నవ్వు మొహం మనిషి. వెంట కెమెరా పట్టుకున్నవాడొకడు, ఆయనకి నీళ్ళ సీసాలు మోసేవాడొకడు. హెడ్ మేడం మూడో తరగతికే తీసుకొచ్చింది. టబ్బు పాఠం చెప్పించింది, పిల్లలు గడగడా అప్పజెప్పారు. ఆయన ముచ్చటపడి, మీరు ఏరిన ప్లాస్టిక్ ఇప్పుడెక్కడుంది అని అడిగాడు. కుర్చీలైపోయింది సార్ అని గది అదిరేలా అరిచారు. ఆయన నవ్వాడు. పిల్లల్ని ఆట పట్టించే సరదా ఆయనకి ఉన్నట్టుంది, అక్కడితో ఆగలేదు.

"కుర్చీలైపోయిందని మీకెలా తెలుసు? ఎవరైనా చూశారా?"

 పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నిజమే, ఎవరూ చూడలేదు. మీసాలవాడు, ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న తనకి ఎందుకు తట్టలేదా అన్నట్టు, టీచర్ వైపు తిరిగాడు. వాడి వెనక ఒక్కొక్కళ్ళే తిరిగారు. హెడ్ మేడం కళ్ళు టీచర్ మీదే ఉన్నాయి.  చెప్పు, ఇప్పటికైనా చెప్పు అని టీచర్ తనని తను తిట్టుకుంది.  కోపిష్టి మనిషి, అన్నిటి మీదా నోరు చేసుకునే మనిషి, ఆ ఒక్కపూట కుక్కిన పేనులా నిలబడిపోయింది.

వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

పిచ్చుక లేచి నిలబడింది. కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు పక్కన పెట్టుకుని, టీచర్ నేర్పిన పద్ధతిలోనే నిలబడింది.

"నేను చూశాను సార్," అంది ఆ బొంగురు గొంతుతో. "మా నాన్న బండిలో వెళ్ళి చూశాను. పెద్ద మిషను. పచ్చరంగుది. ఇటువైపు సీసాలు వేస్తే అటువైపు కుర్చీలు వస్తాయి. నా కుర్చీ మీద నా గుర్తు కూడా ఉంది సార్."

ఎక్కడా తడబడలేదు. రంగుతో సహా చెప్పింది. పెద్ద ఆఫీసరు శభాష్ అన్నాడు, కెమెరావాడు ఫోటో తీశాడు, హెడ్ మేడం ఊపిరి వదిలింది. పిల్లలందరూ పిచ్చుక వైపు తిరిగి చప్పట్లు కొట్టారు, ఆ రోజు లారీకి కొట్టినట్టే.

ఆ చప్పట్ల మధ్య పిచ్చుక టీచర్ వైపు చూసింది. బాగా చెప్పానా అని అడిగే పిల్లచూపు కాదు అది. ఇంట్లో జబ్బు మనిషి ముందు ఇద్దరు పెద్దవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారే, ఆ చూపు. బండి తలుపు సరిగ్గానే పడుతుందని ఆ పిల్లకి మొదటినుంచీ తెలుసు. కాలువ తెలుసు, మిషను లేదని తెలుసు, నాన్న తెలుసు, టీచర్ కూడా తెలుసు. ఈ ఏడాది మూడో తరగతిలో ఇంత బాగా పాఠం నేర్చుకున్న పిల్ల ఇంకొకత్తి లేదు.

టీచర్ తల ఊపింది. తర్వాత, అందరూ చూస్తున్నారు కాబట్టి, తనూ చప్పట్లు కొట్టింది.